ఊరి జట్టు ఎవరిది? – ఆటల పాఠకులకు జవాబులు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం హైదరాబాద్ పేరుతోనో, తెలుగువారి పేరుతోనో లీగుల్లో ఆడుతున్న జట్ల గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఆ ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: సన్‌రైజర్స్ హైదరాబాద్ తుది జట్టులో చాలా మ్యాచ్‌లకు హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ కనిపించడు. యజమానులు చెన్నై వారు, కెప్టెన్ ఆస్ట్రేలియా వాడు, ఓపెనర్లలో ఒకరిది పంజాబ్, మరొకరిది ఆస్ట్రేలియా. ఇక దీనిని మన జట్టు అని ఎందుకు అనుకోవాలి? (నల్లగొండ పాఠకుడు)

జవాబు: మీ బాధ న్యాయమైనదే కాని, దాని మూలం మీరు వెతుకుతున్న చోట లేదు. ఐపీఎల్ మొదలైన 2008లో ఆటగాడికీ ఊరికీ సంబంధం ఉండాలన్న ఆలోచన నిర్వాహకులకు కొంత ఉండేది. సచిన్ టెండూల్కర్‌ను ముంబయికి, రాహుల్ ద్రవిడ్‌ను బెంగళూరుకు, సౌరవ్ గంగూలీని కోల్‌కతాకు ఐకాన్ ఆటగాళ్లుగా కేటాయించి, ఆ జట్టులో అత్యధిక ధర పలికిన ఆటగాడి కంటే వారికి 15 శాతం ఎక్కువ చెల్లించాలని నియమం పెట్టారు. హైదరాబాద్‌కు ఆ హోదా దక్కవలసిన వి.వి.ఎస్. లక్ష్మణ్, ఆ సొమ్ముతో జట్టు మరికొందరు మంచి ఆటగాళ్లను కొనుక్కోవచ్చునని భావించి, దానిని తానే వదులుకున్నారు. మన ఊరి జట్ల చరిత్రలో ఇంతకంటే పెద్ద మనసుతో జరిగిన పని మరొకటి నాకు గుర్తు లేదు. మరుసటి ఏడాది కప్పు గెలిచిన అప్పటి హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ బృందంలో వేణుగోపాలరావు, తిరుమలశెట్టి సుమన్, ద్వారక రవితేజ, అప్పట్లో హైదరాబాద్‌కే రంజీ ఆడుతున్న ప్రజ్ఞాన్ ఓఝా ఉన్నారు.

ఇప్పుడు అంతా వేలం మీదే నడుస్తోంది. అన్ని జట్లకూ ఖర్చు చేయడానికి ఒకే పరిమితి ఉంటుంది. కొన్నేళ్లకోసారి జరిగే పెద్ద వేలంలో కొద్దిమందిని తప్ప అందరినీ వదులుకోవాలి. కాబట్టి వేలం బల్ల దగ్గర కూర్చున్నవారు ముందుగా చూసేది ఆటగాడి ధరను, జట్టులో అతని అవసరాన్ని మాత్రమే. మహమ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2.60 కోట్ల రూపాయలకు తీసుకుంది, కాని మరుసటి ఏడాదికే అతడు బెంగళూరు జట్టుకు వెళ్లిపోయాడు. తిలక్ వర్మను 2022లో ముంబయి 1.70 కోట్లకు దక్కించుకుంది. గుంటూరులో పుట్టి హైదరాబాద్ క్రికెట్‌లో పెరిగిన అంబటి రాయుడు ఐపీఎల్ కప్పు గెలిచిన జట్లలో ఆరుసార్లు ఉన్నాడు, అందులో ఒక్కసారి కూడా హైదరాబాద్ జెర్సీలో కాదు. మరోవైపు, విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 20 లక్షల రూపాయల ధరతో సన్‌రైజర్స్‌లో చేరి, 2024లో ఉత్తమ వర్ధమాన ఆటగాడి పురస్కారం అందుకుని, అదే ఏడాది చివర మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ చేశాడు. ఓపికగా వెతికితే మనవాళ్లు దొరుకుతారనడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు, అందుకే వెతకడంలో సన్‌రైజర్స్ ఇంకా శ్రద్ధ పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అయినా తుది జట్టులో ఇంతమంది స్థానికులు ఉండి తీరాలన్న నియమాన్ని నేను సమర్థించను. హైదరాబాద్ రంజీ ట్రోఫీని చివరిసారి గెలిచింది 1986–87లో. ఆటగాళ్లను తయారు చేయవలసిన స్థానిక లీగులు, మైదానాలు, వయసువారీ పోటీలు దశాబ్దాలుగా బలహీనపడుతూ వస్తుంటే, ఆ లోటును వేలంలో కొనే జట్టు తీర్చలేదు. నా లెక్కలో ఒక జట్టు ఒక ఊరిది కావడానికి ఆటగాడి పుట్టుక కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: ఏటా ఆ ఊరి మైదానంలో, ఆ ఊరి జనం ముందు ఆడటం. డేవిడ్ వార్నర్ తెలుగువాడు కాడు, కాని ఉప్పల్ గ్యాలరీలు అతడిని పరాయివాడిగా చూసిన రోజు లేదు.

ప్రశ్న: డెక్కన్ చార్జర్స్ గెలిచిన 2009 కప్పును సన్‌రైజర్స్ ఖాతాలో వేసి, హైదరాబాద్‌కు రెండు ఐపీఎల్ కప్పులు ఉన్నాయని చెప్పవచ్చా? మా స్నేహితులలో దీనిపై పెద్ద వాదన నడుస్తోంది. (కర్నూలు పాఠకుడు)

జవాబు: సన్‌రైజర్స్‌కు ఒకటి, హైదరాబాద్‌కు రెండు. ఈ రెండు లెక్కలూ సరైనవే, కలిపితేనే చిక్కు. బీసీసీఐ 2012 సెప్టెంబరులో డెక్కన్ చార్జర్స్ ఒప్పందాన్ని రద్దు చేసింది. అక్టోబరులో సన్ టీవీ సంస్థ ఏటా 85.05 కోట్ల రూపాయలు చెల్లించేందుకు ముందుకు వచ్చి హైదరాబాద్ జట్టు హక్కులు పొందింది. అంటే చేతులు మారింది పాత జట్టు కాదు, ఊరి స్థానం మాత్రమే. కాబట్టి గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో వచ్చిన కప్పు సన్‌రైజర్స్ రికార్డులో చేరదు. అది అభిమానులకు చెందిన కప్పు.

అయితే ఆ విజయాన్ని మన ఊరు కళ్లారా చూడలేకపోయిందన్న సంగతిని ఈ వాదనలలో ఎవరూ తలచుకోరు. సార్వత్రిక ఎన్నికల కారణంగా 2009 పోటీలన్నీ దక్షిణాఫ్రికాలో జరిగాయి. మే 24న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్‌లో 143 పరుగులు చేసి, బెంగళూరును 137 దగ్గర ఆపి, 6 పరుగులతో గెలిచారు. అంతకుముందు ఏడాది పట్టికలో చిట్టచివర ఉన్న జట్టు అది. సరే, ఛాంపియన్లుగా 2010లో ఉప్పల్‌కు వస్తారని ఎదురుచూస్తే, అప్పటి తెలంగాణ ఉద్యమ పరిస్థితుల వల్ల వారి సొంత మ్యాచ్‌లను నాగ్‌పూర్, కటక్, నవీ ముంబయి నగరాలకు తరలించారు. 2016లో సన్‌రైజర్స్ కప్పు గెలిచింది బెంగళూరులో, బెంగళూరు మీదే, 8 పరుగుల తేడాతో. ఉప్పల్‌లో రెండు ఐపీఎల్ ఫైనల్స్ జరిగాయి కాని 2017లోనూ, 2019లోనూ ఒక్క పరుగు తేడాతో కప్పు ఎత్తింది ముంబయి ఇండియన్స్. మన జట్టు మన మైదానంలో కప్పు అందుకోవడాన్ని హైదరాబాద్ ఇంతవరకు చూడలేదు. నాకు నిజంగా వెలితిగా అనిపించేది అదే.

ప్రశ్న: 2024 నుంచి సన్‌రైజర్స్ ఆడుతున్న తీరు మంచిదేనా? ఒకరోజు 280 దాటుతారు, మరోరోజు కుప్పకూలుతారు. (ఖమ్మం పాఠకురాలు)

జవాబు: పద్ధతి మంచిదే. లోపం దానికి తోడుగా ఉండవలసిన బౌలింగ్‌లో ఉంది.

మొదట పద్ధతి సంగతి. 2021లో చివరి స్థానం, 2022లో ఎనిమిదో స్థానం, 2023లో మళ్లీ చివరి స్థానం వచ్చిన తరువాత, పాట్ కమిన్స్‌ను 20.50 కోట్లకు తెచ్చుకుని, ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ, హెన్రిక్ క్లాసెన్‌లకు మొదటి బంతి నుంచే కొట్టమని స్వేచ్ఛ ఇచ్చారు. 2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబయిపై 277, ఏప్రిల్ 15న బెంగళూరులో 287 పరుగులు చేశారు. ఢిల్లీపై మొదటి ఆరు ఓవర్లలోనే వికెట్ కోల్పోకుండా 125 కొట్టారు. లక్నో ఇచ్చిన 166 పరుగుల లక్ష్యాన్ని ఉప్పల్‌లో 9.4 ఓవర్లలో, మళ్లీ వికెట్ పోకుండానే, ఛేదించారు. 2025లో పంజాబ్ 245 చేసినప్పుడు అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టగా, జట్టు తొమ్మిది బంతులు మిగిలి ఉండగానే ఆటను ముగించింది. ఇరవై ఓవర్ల ఆటలో ఎంత పరుగు సాధ్యమన్న అంచనాను ఈ జట్టు మార్చింది. మన ఊరి పేరుతో ఆడే జట్టు ఒక ఆటను ముందుకు నడిపిందని చెప్పుకోవడం సామాన్యమైన గౌరవం కాదు.

ఇక లోపం. 2024 మే 26న చెన్నైలో జరిగిన ఫైనల్‌లో కోల్‌కతాపై 113 పరుగులకే ఆలౌటయి ఎనిమిది వికెట్ల తేడాతో ఓడిపోయారు. 2025లో మొదటి మ్యాచ్‌లోనే రాజస్థాన్‌పై 286 చేసి, వెంటనే వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి, చివరకు ఆరో స్థానంతో సరిపెట్టుకున్నారు. బంతి ఆగి వచ్చే పిచ్ మీదా, కొత్త బంతి స్వింగ్ అయిన రోజునా కొట్టే పద్ధతి విఫలమవుతుంది. అది ఏ జట్టుకైనా తప్పదు. అలాంటి రోజున 140 పరుగులను కాపాడే బౌలింగ్ కావాలి. ఆ పని ఒకప్పుడు ఈ జట్టుకు వెన్నతో పెట్టిన విద్య. 2018లో వాంఖడేలో 118కే ఆలౌటయినా ముంబయిని 87కు కట్టడి చేశారు. రెండు రోజుల తరువాత ఉప్పల్‌లో 132 చేసి పంజాబ్‌ను 119కి పడగొట్టారు. రషీద్ ఖాన్, సిద్ధార్థ్ కౌల్, సందీప్ శర్మ, షకీబ్ ఉన్న దళమది. భువనేశ్వర్ కుమార్ అంతకుముందు 2016, 2017 సంవత్సరాలలో అత్యధిక వికెట్లు తీసినవారికి ఇచ్చే పర్పుల్ క్యాప్‌ను వరుసగా గెలిచాడు. రషీద్ గుజరాత్‌కు వెళ్లి 2022లో కప్పు గెలిచాడు, భువనేశ్వర్ బెంగళూరుకు వెళ్లి 2025లో గెలిచాడు. పదేళ్లు కూడబెట్టిన బౌలింగ్ సంపదను జారవిడిచి బ్యాట్ల మీద పెట్టుబడి పెట్టారన్నది నా అభిప్రాయం. హెడ్, అభిషేక్‌ల ఆటను ఎవరూ మార్చనక్కరలేదు. ఒక మంచి మణికట్టు స్పిన్నర్‌ను, చివరి ఓవర్లకు ఒక నమ్మకమైన పేసర్‌ను తెచ్చుకుని వారిని ఏళ్ల తరబడి నిలుపుకుంటే చాలు.

ప్రశ్న: ధోనీ ఆడే రోజున ఉప్పల్ స్టేడియం సగం పసుపు రంగులో ఉంటుంది. సొంత ఊరి జట్టుకు ఇది అవమానం కాదా? (విజయవాడ పాఠకుడు)

జవాబు: అవమానమని నేను అనుకోను. ఆటగాడి మీద ఉన్న ప్రేమ వేరు, జట్టు మీద ఉన్న ప్రేమ వేరు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవు. 2025 ఆసియా కప్ ఫైనల్‌లో పాకిస్తాన్‌పై అజేయంగా 69 పరుగులు చేసిన తిలక్ వర్మ ముంబయి జెర్సీలో ఉప్పల్‌కు వచ్చినప్పుడు మనం అతనికీ చప్పట్లు కొడతాం, సన్‌రైజర్స్ గెలవాలనీ కోరుకుంటాం. అభిమాని పక్కనున్నవారిని దూషించనంత వరకు ఏ రంగు చొక్కా వేసుకున్నా ఆక్షేపించవలసింది లేదు.

ప్రశ్న: మన ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ ఏమైపోయింది? కప్పు గెలిచిన క్లబ్బు మూడేళ్లలో ఊరినే వదిలి వెళ్లడం ఎలా సాధ్యం? (సికింద్రాబాద్ పాఠకుడు)

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువగా కదిలించినది ఇదే. ఫుట్‌బాల్ హైదరాబాద్‌కు బయటి నుంచి వచ్చిన ఆట కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయనే భారత జట్టుకు శిక్షకుడిగా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం తెచ్చారు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం వంటి వారు ఆ రెండు జట్లలోనూ ఆడారు. అలాంటి నగరానికి దేశపు అగ్రశ్రేణి లీగులో (ఇప్పుడు ఇండియన్ సూపర్ లీగ్) ప్రొఫెషనల్ క్లబ్బు 2019 వరకు లేదు. ఆ ఏడాది పుణె క్లబ్బు మూతపడగా ఖాళీ అయిన స్థానంలోనే హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టిందన్న సంగతి ఇప్పుడు గుర్తు చేసుకోవాలి. మనకు క్లబ్బు దక్కిన పద్ధతే తరువాత మన చేతిలోంచి క్లబ్బును తీసుకుపోయింది.

తొలి ఏడాది చివరి స్థానం. తరువాత స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్కెజ్ వచ్చి, యువ భారత ఆటగాళ్లను నమ్మి, రెండేళ్లలో జట్టును ఛాంపియన్‌గా నిలిపారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్‌లో సాహిల్ తవోరా 88వ నిమిషంలో గోల్ చేసి స్కోరు సమం చేయగా, పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్కులను అడ్డుకుని కప్పు తెచ్చాడు. ఆ సీజన్‌లో బార్తొలొమ్యూ ఒగ్బెచె 18 గోల్స్ చేశాడు. కాని కోవిడ్ నిబంధనల వల్ల పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. క్లబ్బు అభిమానులను కూడగట్టుకోవలసిన రెండు కీలక సంవత్సరాలలో గచ్చిబౌలి స్టేడియం మూగగా ఉండిపోయింది. టీవీలో చూసి ఆనందించిన జనం, మైదానానికి నడిచే అలవాటు చేసుకోకముందే క్లబ్బు ఆర్థికంగా కుంగిపోయింది. 2023–24లో జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు, పేరున్న భారత ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతే, మిగిలిన కుర్రవాళ్లు సీజన్ మొత్తం మీద ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి చివరి స్థానంలో నిలిచారు. ఆ కుర్రవాళ్లను ఎవరూ తప్పుపట్టకూడదు. ఓడిపోతామని తెలిసీ ప్రతి వారం బూట్లు కట్టుకుని బరిలోకి దిగారు. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది, 2025లో దానిని ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు.

ఇది ఎలా సాధ్యమని మీరు అడిగారు. మన లీగులలో క్లబ్బు స్థానం అంటే యజమాని చేతిలోని హక్కు పత్రం. మనం ఎన్నేళ్లు టికెట్లు కొన్నా ఆ పత్రంలో అభిమానికి చోటు లేదు. జర్మనీలో కొన్ని మినహాయింపులతో క్లబ్బు ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది కాబట్టి అక్కడ క్లబ్బును ఒక నగరం నుంచి మరో నగరానికి ఎత్తుకుపోవడం దాదాపు అసాధ్యం. అంత పెద్ద మార్పు ఇక్కడ రేపే రాదని తెలుసు. కనీసం తరలింపుకు ముందు ఊరిలోని అభిమాన సంఘాలతో మాట్లాడాలనీ, కొత్త కొనుగోలుదారుకు అదే నగరంలో కొన్నేళ్లు ఆడే షరతు ఉండాలనీ లీగు నిర్వాహకులను అడగడం మన హక్కు అని నేను నమ్ముతున్నాను. రెండో శ్రేణి లీగైన ఐ-లీగ్‌లో హైదరాబాద్ క్లబ్బు శ్రీనిధి దక్కన్ 2022–23లోనూ, 2023–24లోనూ వరుసగా రెండో స్థానంలో నిలిచినప్పుడు నగరంలో దానిని పట్టించుకున్నవారు ఎంత తక్కువమందో చూస్తే, ఫిర్యాదు చేయడంతో పాటు మన వంతు పని కూడా కొంత మిగిలి ఉందని ఒప్పుకోవాలి.

ప్రశ్న: ప్రొ కబడ్డీ లీగ్‌లో మన జట్టు తెలుగు టైటన్స్ ఎందుకు ఎప్పుడూ వెనుకబడే ఉంటుంది? అసలు ఆ జట్టు విశాఖదా, హైదరాబాద్‌దా? (గాజువాక పాఠకుడు)

జవాబు: ఒక్క రైడర్ (కూతకు వెళ్లే ఆటగాడు) మీద ఆధారపడటమే చాలా ఏళ్లు ఈ జట్టును వెనక్కు లాగింది. మొదటి సీజన్లలో రాహుల్ చౌదరి కూతకు వెళ్తే పాయింటు ఖాయమన్న నమ్మకం ఉండేది, 2015లో మూడో స్థానం కూడా వచ్చింది. తరువాత 1.45 కోట్లకు సిద్ధార్థ్ దేశాయ్, 2.605 కోట్లకు పవన్ సెహ్రావత్ వచ్చారు. వారి ప్రతిభలో లోటు లేదు, కాని కబడ్డీలో రైడర్ బయట కూర్చున్నంత సేపు అతడిని తిరిగి లోపలికి తెచ్చేది మిగిలినవారు ప్రత్యర్థులను అవుట్ చేసి తెచ్చే పాయింట్లే, వాటిలో ప్రత్యర్థి రైడర్‌ను పట్టి తెచ్చే ట్యాకిల్ పాయింట్లు కీలకం. కార్నర్లు, కవర్లు అనే చోట్ల నిలబడే డిఫెండర్లు కలిసికట్టుగా పట్టలేకపోతే కోట్ల రూపాయల రైడర్ బెంచీ మీదే మిగిలిపోతాడు. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, ఆ తరువాతి రెండు సీజన్లలో రెండేసి గెలుపులు, మూడుసార్లూ చివరి స్థానం. పదకొండో సీజన్‌లో విజయ్ మలిక్ ఎదగడంతో 12 మ్యాచ్‌లు గెలిచారు. 2025లో అతడి నాయకత్వంలో ప్లే ఆఫ్స్ చేరి, ఫైనల్‌కు ఒక్క మ్యాచ్ దూరంలో ఆగారు. ఆ బృందాన్ని విడదీయకుండా ఉంచడం ఇప్పుడు యాజమాన్యం చేయవలసిన మొదటి పని.

జట్టు ఎవరిదన్నది కొంచెం సున్నితమైన విషయం. విశాఖలోని పోర్టు ఇండోర్ స్టేడియంలో మొదలై, తరువాత ఎక్కువగా గచ్చిబౌలిలో ఆడి, 2025 ఆగస్టులో పన్నెండో సీజన్ ప్రారంభ మ్యాచ్‌తో మళ్లీ విశాఖకు వచ్చింది. రెండు రాష్ట్రాల తెలుగువారినీ కలిపే పేరు పెట్టుకున్న జట్టు ఇది కాబట్టి, ప్రతి సీజన్‌లో రెండు నగరాలలోనూ మ్యాచ్‌లు ఉండాలని నా కోరిక. ఏళ్ల తరబడి ఎదురుచూసి కూడా వదలకుండా నిలిచిన విశాఖ ప్రేక్షకులకు అది దక్కవలసిన న్యాయం.

ప్రశ్న: పిల్లలకు క్రికెట్ కాక వేరే ఆటలో మన ఊరి ప్రొఫెషనల్ జట్టును చూపించాలని ఉంది. హాకీ, బ్యాడ్మింటన్, వాలీబాల్‌లలో ఏది వీలవుతుంది? (కరీంనగర్ పాఠకురాలు)

జవాబు: హాకీలో హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫిబ్రవరిలో ఫైనల్‌కు చేరి బెంగాల్ చేతిలో 4–3తో ఓడింది, కాని ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. 2005లో హైదరాబాద్ సుల్తాన్స్ మొదటి ప్రీమియర్ హాకీ లీగ్ గెలిచిన ఊరికి ఇది తగిన ఏర్పాటు కాదు. బ్యాడ్మింటన్‌లో సైనా నెహ్వాల్ ఆడిన హైదరాబాద్ హాట్‌షాట్స్ 2013లో, కరోలినా మారిన్ ఆడిన హైదరాబాద్ హంటర్స్ 2018లో లీగు గెలిచాయి. 2020 తరువాత ఆ లీగే జరగడం లేదు. వాలీబాల్‌లో హైదరాబాద్ బ్లాక్ హాక్స్ ఉంది, ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదటి సీజన్ గచ్చిబౌలిలోనే జరిగింది. మీ అవసరానికి ఇండోర్ స్టేడియంలో జరిగే కబడ్డీ, వాలీబాల్ బాగా సరిపోతాయి: కోర్టు దగ్గరగా ఉంటుంది, ఆట గంటా రెండు గంటల్లో ముగుస్తుంది, నియమాలు పిల్లలకు వెంటనే అర్థమవుతాయి. రాబోయే సీజన్ మ్యాచ్‌లు ఏ నగరాలలో జరుగుతాయో షెడ్యూలు రాగానే చూసుకుని, హైదరాబాద్ దశ ఉంటే మొదటి వారంలోనే టికెట్లు తీసుకోండి.